చమురు ప్రాజెక్టు ప్రజాభిప్రాయ సేకరణకు తయారవడం ఎలా: గోదావరి డెల్టా తీర గ్రామాల కోసం

సముద్రంలో చమురు ప్రాజెక్టు అనగానే తీర గ్రామాల్లో సగం మంది ‘అది నడిసంద్రంలో వ్యవహారం, మనదాకా ఏమొస్తుంది’ అని వదిలేస్తారు. బావి ఎంత దూరాన ఉన్నా గొట్టం ఒడ్డెక్కేది ఏదో ఒక ఊళ్లోనే. రవ్వ క్షేత్రపు చమురు ఎస్.యానాంలో ఒడ్డెక్కింది. 2009లో మొదలైన కేజీ-డీ6 బ్లాకు గ్యాస్ గాడిమొగలో ఎక్కింది. ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు 98/2కి ఓడలరేవులో టెర్మినల్ ఉంది. మిగతా సగం మంది సభకు వస్తారు గానీ చేతిలో కాగితం ఉండదు. ఆవేశంగా మాట్లాడతారు, చప్పట్లు పడతాయి. చివరికి మినిట్స్‌లో, అంటే అధికారులు రాసే సభ నమోదులో, ‘కొందరు గ్రామస్తులు ఉపాధి, కాలుష్యం గురించి ప్రస్తావించారు’ అని ఒక్క వాక్యం మిగులుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. వెయ్యి మంది వద్దన్నా ప్రాజెక్టు ఆగి తీరాలని చట్టంలో లేదు. పదిమందే వచ్చినా సభ చెల్లుతుంది, కోరం అన్న మాటే లేదు. ఏ ప్రశ్న రికార్డయింది, దానికి కంపెనీ రాతలో ఏం జవాబిచ్చింది అన్నదే లెక్కలోకి వస్తుంది. ఆ జవాబు తుది నివేదికలో చేరాలి, ఢిల్లీలో నిపుణుల కమిటీ కంట పడాలి, అనుమతి పత్రంలో షరతుగా దిగాలి. కింద చెప్పేదంతా మీ ప్రశ్నను ఆ దారిలో చివరిదాకా నడిపించడం గురించే. ప్రాజెక్టు వద్దే వద్దనేవారికీ, జాగ్రత్తలు తీసుకుంటే రానివ్వండి అనేవారికీ పని ఒకటే.

ముందు ఏ రకం ప్రాజెక్టో తేల్చుకోండి

2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో చమురు, గ్యాస్ ప్రాజెక్టులు 1(బి) కింద ఉన్నాయి. 2020 జనవరి 16న దాన్ని రెండుగా విడదీశారు. చమురు ఉందో లేదో చూసేందుకు తవ్వే అన్వేషణ బావులు బీ2 కేటగిరీలోకి వెళ్లాయి. వాటికి పూర్తి ఈఐఏ నివేదిక అక్కర్లేదు, సభ అక్కర్లేదు, రాష్ట్ర స్థాయి పర్యావరణ అనుమతుల సంస్థ ఎస్ఈఐఏఏ చూసుకుంటుంది. దొరికినదాన్ని బయటికి తీసే అభివృద్ధి, ఉత్పత్తి ప్రాజెక్టులు మాత్రం ‘ఏ’ (A) కేటగిరీలోనే ఉన్నాయి. వీటిని కేంద్ర పర్యావరణ శాఖ చూస్తుంది, ఈఐఏ నివేదిక తప్పనిసరి.

అందుకని మొదట పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పెట్టే కేంద్ర వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతోనో, కంపెనీ పేరుతోనో, జిల్లా పేరుతోనో వెతికి దరఖాస్తు తీయండి. అన్వేషణ అని పేరు పెట్టిన దరఖాస్తులో ఒడ్డుకు వచ్చే గొట్టం, ప్రాసెసింగ్ ప్లాట్‌ఫాం, ఇరవై ఏళ్ల ఉత్పత్తి అంచనా కనిపిస్తే అది ఉత్పత్తి ప్రాజెక్టే. ఆ సంగతి అప్పుడే ఎస్ఈఐఏఏకు రాతపూర్వకంగా చెప్పాలి. బావి తవ్వేశాక చెప్పి లాభం లేదు.

దరఖాస్తుతోపాటు టీఓఆర్ లేఖ దించుకోండి. ఈఐఏలో ఏయే అధ్యయనాలు చేయాలో శాఖ కంపెనీకి ఇచ్చే జాబితా ఇది. నాలుగైదు పేజీలే ఉంటుంది గానీ మీకు ఇదే అన్నిటికంటే పనికొచ్చే కాగితం. సభ పెట్టాలా వద్దా, సముద్ర భాగానికి మినహాయింపు ఇచ్చి ఉంటే ఏ క్లాజు కింద ఇచ్చారు అన్నదీ ఇందులోనే చూసుకోవాలి. సముద్ర భాగానికి సభ లేదన్నా ఒడ్డున కట్టే టెర్మినల్, గొట్టం విడిగా సభకు రావాల్సినవేమో చూడండి. ప్రాజెక్టు రెండు జిల్లాల్లో ఉంటే, అంటే కొంత కాకినాడ జిల్లాలో, కొంత కోనసీమలో ఉంటే, రెండు చోట్లా సభ పెట్టాలి. యానాం పుదుచ్చేరిది కాబట్టి ప్రాజెక్టు అక్కడికీ పాకితే అక్కడ మరొకటి పెట్టాలి. ‘కాకినాడలో అయిపోయిందిగా’ అంటే కుదరదు.

నోటీసు నుంచి సభదాకా ఉండేది 30 రోజులే

సభ నోటీసు ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు దినపత్రికలో పడుతుంది. పడిన రోజు నుంచి సభకు కనీసం 30 రోజుల గడువుండాలి. ఆ పేజీని తేదీ కనిపించేలా కత్తిరించి దాచండి. గడువు 30 రోజుల కంటే తగ్గితే సభకు ముందే కలెక్టరుకూ, కాలుష్య నియంత్రణ మండలికీ (పీసీబీ) లేఖ పెట్టండి. సభకు వచ్చి సంతకం చేసి మాట్లాడి, తర్వాత గడువు చాలలేదంటే బలం ఉండదు.

ముసాయిదా ఈఐఏ, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీ ఆఫీసులో, పీసీబీ ఆఫీసులో అందుబాటులో ఉండాలి. పీసీబీ ప్రాంతీయ కార్యాలయం కాకినాడలో ఉంది. పంచాయతీలో అడిగితే ‘మాకేం రాలేదు’ అనే జవాబు మామూలే. అలా అన్నప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోకండి. పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇచ్చి ‘నివేదిక అందలేదు’ అని తేదీ వేసి రాయించుకోండి. తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే ఆ ముక్క చాలా పని చేస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు మంచి ఆయుధమే గానీ దానికి జవాబు రావడానికే 30 రోజుల గడువు. నోటీసు పడ్డాక వేస్తే సభ అయిపోయాక జవాబొస్తుంది. టీఓఆర్ దశలోనే వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

నివేదికను ఒక్కరే చదవాలనుకోవద్దు. వందల పేజీలు, అదీ ఇంగ్లీషులో. డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరికి రెండు అధ్యాయాలు, బోటు యజమానికి వేట పట్టికలు, ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారుంటే ఆయనకు టన్నుల లెక్కలు పంచేయండి. తెలుగు సారాంశం ఒక్కటే చదివి సభకు వెళ్తే మాత్రం దెబ్బతింటారు. సారాంశంలో ‘ప్రభావం స్వల్పం’ అనే ముక్కలు ఉంటాయి, అంకెలన్నీ అసలు నివేదికలో ఉంటాయి.

నివేదికను వరసగా చదవకండి

ఈఐఏ నివేదికకు పన్నెండు అధ్యాయాల చట్రం ఉంది. మొదట రెండోది తీయండి. ఎన్ని బావులు, ఎంత లోతు, ఏ బురద, ఎంత నీరు, గొట్టం ఎక్కడ ఒడ్డెక్కుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. తర్వాత ఏడోది, ప్రమాదాల అంచనా. ఆపైన పదోది, పర్యావరణ నిర్వహణ ప్రణాళిక, దానికి కేటాయించిన డబ్బు. ఈ మూడూ అయ్యాక మూడు, నాలుగు: ఇప్పుడున్న పరిస్థితి, రాబోయే ప్రభావం. ఎనిమిదో అధ్యాయం ప్రాజెక్టు లాభాల గురించి. దాన్ని కంపెనీ వారే స్టేజీ మీద చదివి వినిపిస్తారు. పన్నెండోది నివేదిక రాసిన కన్సల్టెంటు వివరాలు. ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో, సముద్ర జీవశాస్త్రం తెలిసినవాళ్లు జట్టులో ఉన్నారో లేదో అక్కడ చూడండి.

మూడో అధ్యాయంలో మొట్టమొదట తేదీలు పట్టుకోండి. బేస్‌లైన్ నమూనాలు, అంటే ఇప్పుడున్న పరిస్థితిని కొలిచే నమూనాలు, ఏ నెలల్లో తీశారు? అనుమతికి దరఖాస్తు చేసే నాటికి అవి మూడేళ్ల కంటే పాతవి కాకూడదు. సాధారణంగా వర్షాకాలం వదిలేసి ఒక సీజను, అంటే మూడు నెలలు తీస్తారు. మార్చి నుంచి మే దాకా తీశారనుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో రేవులో లెక్కపెడితే వేట సున్నా, పడవలన్నీ ఒడ్డునే. పులస గోదావరి ఎదురెక్కేది వరద నీరు వచ్చే జులై నుంచి సెప్టెంబరు మధ్య. వేసవి సర్వేలో దాని ఊసే ఉండదు. కోరింగ మడ అడవులకు వలస పక్షులు వచ్చేది శీతకాలంలో. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఒక్క వేసవి సర్వేతో ఇవన్నీ చేజారతాయి. ‘ఈ ప్రాంతంలో ముఖ్యమైన వలస జీవులు నమోదు కాలేదు’ అనే వాక్యం చాలాసార్లు ఇలాగే పుడుతుంది.

నివేదికలో మన నదీ పాయల పేర్లు తప్పుగా ఉన్నాయా, వేరే రాష్ట్రపు జిల్లా పేరు ఎక్కడైనా దొర్లిందా అని కూడా చూడండి. వేరే నివేదిక నుంచి ఎత్తి అతికించిన చోట్లు అలాగే బయటపడతాయి. దొరికితే పేజీ నంబరుతో రాసుకోండి. అంతే గాని దాన్నే పట్టుకుని సభంతా నడపకండి. ‘అచ్చుతప్పు, సరిచేస్తాం’ అని తేల్చేస్తారు.

బురద, రాతి తునకలు: లెక్క మీరే వేయండి

బావి తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్ అనే బురద లోపలికి పంపుతారు, అది రాతి తునకలను పైకి తెస్తుంది. వాటినే కటింగ్స్ అంటారు. 2005 ఆగస్టు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు దీని మీద స్పష్టంగా ఉన్నాయి. డీజిల్ కలిపిన బురద నిషేధం. మామూలుగా నీటి బురదే వాడాలి. భూమి పొరల ఇబ్బంది వల్ల విషం తక్కువున్న నూనె బురద గానీ సింథటిక్ బురద గానీ తప్పదనుకుంటే ముందే తెలియజేయాలి, నూనె బురదలో ఆరోమాటిక్ పదార్థం 1 శాతం లోపు ఉండాలి. కటింగ్స్‌కు అంటుకున్న నూనె కిలోకు 10 గ్రాములు మించకూడదు. బరువు కోసం కలిపే బెరైటులో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కడిగిన తునకలను సముద్రంలో వదిలితే బావికి గంటకు సగటున 50 బ్యారెళ్ల చొప్పున, అంటే దాదాపు 8 ఘనపు మీటర్లు, విడతలు విడతలుగా వదలాలి. ఒడ్డుకు 5 కిలోమీటర్ల లోపు బావి అయితే తీరానికి, సముద్ర జీవులకు హాని కనిపించిన పక్షంలో వాటిని ఒడ్డుకు తెచ్చి నీరు ఇంకని గోతిలో వేయాలి.

రెండో అధ్యాయంలో కేసింగ్ (బావి లోపల దించే ఉక్కు గొట్టం) పట్టిక ఉంటుంది: ఏ లోతు దాకా ఎన్ని అంగుళాల రంధ్రమో. దాంతో తునకల లెక్క తీయవచ్చు. ఉదాహరణకు 17½ అంగుళాల రంధ్రం 1,000 మీటర్లు తవ్వితే 155 ఘనపు మీటర్ల రాయి వస్తుంది. 12¼ అంగుళాలది 1,500 మీటర్లయితే 114. రెండూ కలిపి 269 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున సుమారు 670 టన్నులు. రంధ్రం గోడలు విరిగిపడటం కలిస్తే ఇంకా ఎక్కువ. నివేదికలో బావికి 200 టన్నులని రాసి ఉంటే మిగిలింది ఎక్కడికి పోయిందని అడగాలి. ఈ ఉదాహరణలో కింది భాగం ఒక్కటే సింథటిక్ బురదతో తవ్వినా 285 టన్నుల తునకలు. పరిమితి లోపలే ఉన్నా కిలోకు 10 గ్రాముల లెక్కన 2.85 టన్నుల దాకా నూనె వాటితో సముద్రంలోకి వెళ్లవచ్చు. దీన్ని బావుల సంఖ్యతో గుణించి చూపండి. ‘పరిమితికి లోబడి’ అనే మాట వెనక ఎన్ని టన్నులున్నాయో కమిటీకి కనిపించేది ఇలా గుణించినప్పుడే.

ఉత్పత్తి మొదలయ్యాక చమురుతోపాటు పైకొచ్చే నీటికీ ఇదే పద్ధతి. సముద్రంలో వదిలే నీటిలో నూనె 95 శాతం పరీక్షల్లో లీటరుకు 40 మిల్లీగ్రాములు మించకూడదు, ఎప్పుడూ 100 దాటకూడదు. నీళ్లు కలిపి పలచన చేసి ఈ అంకె చూపించకూడదు. రోజుకు 1,000 ఘనపు మీటర్లు వదిలితే 40 మిల్లీగ్రాముల దగ్గర రోజుకు 40 కిలోల నూనె. బావి పాతబడే కొద్దీ నీరు పెరుగుతుంది. అందుకని మొదటి ఏడాది లెక్క ఒక్కటీ చూపిస్తే చాలదు, చివరి సంవత్సరాల అంచనా ఇవ్వమనండి.

చమురు తెట్టు: ఏ నెలలో లీకైతే ఏ ఊరు

ఏడో అధ్యాయంలో చమురు ఒలికితే ఎటు పోతుందో కంప్యూటర్ నమూనా బొమ్మలుంటాయి. ముందుగా ఎన్ని సీజన్లకు గీశారో చూడండి. మార్చి, ఏప్రిల్‌లో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి బలంగా పారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది, అదే కాలంలో ఈశాన్య గాలులు, తుపాన్లు. ఒకే చోట ఒలికిన చమురు ఒక కాలంలో కాకినాడ వైపు, మరో కాలంలో అంతర్వేది, నరసాపురం వైపు పోవచ్చు. వేసవి, వర్షాకాలం, శీతకాలం మూడింటికీ బొమ్మలు లేకపోతే నమూనా సగమే.

తర్వాత ఎంత చమురు ఒలికిందనుకుని లెక్కవేశారో చూడండి. గొట్టం చిన్న లీకు, డీజిల్ నింపేటప్పుడు కారిన ఒకటి రెండు టన్నులు మాత్రమే చూపి ఊరుకోవడం ఉంది. అసలు ప్రమాదం బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి ఎగజిమ్మడం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి ఎగిసిపడితే అదుపులోకి రావడానికి 65 రోజులు పట్టింది, అదీ నేల మీద. సముద్రంలో అలాంటిది జరిగితే ఎన్ని రోజుల ప్రవాహం లెక్కలోకి తీసుకున్నారు? ఎగిసే బావిని అదుపు చేసేందుకు పక్కన రిలీఫ్ బావి తవ్వే రిగ్గు ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల్లో వస్తుంది? బావి నోరు మూసే బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను ఎన్ని రోజులకోసారి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు? ఈ మూడింటికీ అంకెలతో జవాబు అడగండి.

చమురు తెట్టును ఎదుర్కొనే జాతీయ ప్రణాళికలో 700 టన్నుల దాకా ఒలికితే మొదటి అంచె. అంతవరకు తట్టుకునే సామగ్రి కంపెనీ దగ్గరే ఉండాలి. సామగ్రి ఉందంటే సరిపోదు, ఎక్కడుంది, నది సముద్రంలో కలిసే మొగకు చేరడానికి ఎన్ని గంటలు అన్నది ముఖ్యం. చమురును అడ్డుకునే తేలియాడే బూమ్‌లకు ఒక బలహీనత ఉంది. ప్రవాహం నేరుగా వచ్చి తగిలినప్పుడు సుమారు 0.7 నాట్లు, అంటే సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే చమురు కిందనుంచి జారిపోతుంది. పోటు, పాటు సమయాల్లో మన మొగల్లో నీటి వేగం ఎంతో వేటకు వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి మొగల్లో ప్రవాహ వేగం కొలిచారా, బూమ్‌ను ఏ కోణంలో ఎక్కడ కడతారు అని అడగండి. మడ చెట్లు ఊపిరి తీసుకునేది బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో. వాటికి చమురు పూత పడితే చెట్టు ఊపిరాడక చస్తుంది, లోపలికి దిగిన తెట్టును గీకి తీయడం కూడా కుదరదు. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. అందుకని మడలోకి రాకముందే ఆపే ఏర్పాటు ఏమిటన్నదే ప్రశ్న కావాలి. వచ్చాక శుభ్రం చేస్తామనే జవాబును ఒప్పుకోకండి.

వేట నష్టం లెక్క

సముద్రంలోని ప్రతి ప్లాట్‌ఫాం చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం ప్రకటిస్తారు. ఒక్కోటి 0.78 చదరపు కిలోమీటర్లు. చిన్నదిగానే కనిపిస్తుంది. రిగ్గు లంగర్ల తాళ్లు, గొట్టం వేసే బార్జి, కాకినాడ రేవు నుంచి తిరిగే సరఫరా ఓడల దారి కలిస్తే చిన్నది కాదు. ఆ దారి ఏ రేవు వాళ్ల వలల మీదుగా పోతుందో మ్యాపు అడగండి. గొట్టం సముద్రపు అడుగున పాతిపెడతారా, పైన వదిలేస్తారా? పైన వదిలితే లాగుడు వలలు చిక్కుకుని తెగుతాయి.

ఓఎన్‌జీసీ గొట్టాల పనులతో వేట పోయిన కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల లెక్కన పరిహారం ఇచ్చిన దాఖలా ఈ తీరంలోనే ఉంది. అలాంటి చోట పేచీ అంతా జాబితా దగ్గరే వస్తుంది. బోటు యజమాని పేరుంటుంది, కలాసీ పేరుండదు. పాయలో వేటాడేవాళ్లు సముద్రపు వేటగాళ్లు కారంటారు. చేపల గంప మోసే ఆడవాళ్లు ఏ జాబితాలోనూ కనిపించరు. కాబట్టి పరిహారం ఎంత అనే ముందు ఎవరికి, ఏ రికార్డు ఆధారంగా, జాబితా ఎక్కడ అంటిస్తారు, అభ్యంతరానికి ఎన్ని రోజులు అనే నాలుగు ప్రశ్నలు రాయండి.

ఒడ్డెక్కాక

గొట్టం అలల గీతను దాటే చోటు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) పరిధి. దానికి 1:4000 స్కేలులో గుర్తింపు పొందిన సంస్థ గీసిన మ్యాపు ఉండాలి. అందులో పోటు గీత, మడ, ఇసుక దిబ్బలు, రేవు కనిపించాలి. పాయ కింద నుంచి అడ్డంగా డ్రిల్ చేసి గొట్టం తోస్తారా, కందకం తవ్వుతారా అన్నది పెద్ద తేడా. కందకమైతే మడ చెట్లు లేచిపోతాయి, బురదా లేస్తుంది.

2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలడం గుర్తుండని ఊరు కోనసీమలో లేదు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపడం, లోపల తుప్పు పట్టడం కారణాలుగా విచారణలో తేలాయి. అందుకని అడగాల్సినవి ఇవి: గ్యాసులోని నీటిని ఎక్కడ తీసేస్తారు, గొట్టం లోపల తుప్పును ఎన్నేళ్లకోసారి పరికరం పంపి చూస్తారు, ఇళ్లకు ఎంత దూరం, లీకైతే వాల్వు తనంతట మూసుకుంటుందా, మనిషి వెళ్లి తిప్పాలా.

ఒక విషయం కలగాపులగం చేసుకోకండి. మీ పొలంలోంచో కొబ్బరి తోటలోంచో గొట్టం పోతే దానికి 1962 నాటి పైప్‌లైన్ల చట్టం కింద విడిగా నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరానికి 21 రోజులే గడువు. ఈఐఏ సభలో చెప్పేశాం కదా అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. రెండు చోట్లా రెండు కాగితాలు ఇవ్వాలి.

అర్జీ ఎలా రాయాలి

ఒక్కో ప్రశ్నలో నాలుగు ముక్కలుండాలి: నివేదికలో ఏ పేజీ, అక్కడ ఏముంది, అందులో లోపం ఏమిటి, ఏ షరతు కావాలి. తెలుగులోనే రాయండి. ‘మత్స్యకారులకు నష్టం జరుగుతుంది, న్యాయం చేయాలి’ అని రాస్తే ‘నిబంధనల ప్రకారం న్యాయం చేస్తాం’ అని జవాబొస్తుంది, అక్కడితో సరి. ఇలా రాయండి:

‘ముసాయిదా నివేదిక 4వ అధ్యాయం, ఫలానా పేజీ, ఫలానా పట్టికలో వేటపై ప్రభావం స్వల్పం అని ఉంది. ఈ అంచనాకు ఆధారమైన సర్వే మే నెలలో, అంటే నిషేధ కాలంలో జరిగింది. అక్టోబరు–మార్చి మధ్య మళ్లీ రేవు వారీగా సర్వే చేసి తుది నివేదికలో చేర్చాలి. గొట్టం వేసే పని తేదీలను 60 రోజుల ముందు ప్రతి రేవులో తెలుగులో అంటించాలని అనుమతి పత్రంలో షరతు పెట్టాలి.’

పది ప్రశ్నలు మించకండి. నలభై రాస్తే జవాబులో వాటిని గుంపులు కట్టి నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. వేర్వేరు ఊళ్లు ఒకే అర్జీని జిరాక్సు తీసి ఇవ్వడం కూడా దండగ, మినిట్స్‌లో అది ఒకటిగానే లెక్క. ఓడలరేవు వాళ్లు తెట్టు గురించి, భైరవపాలెం వాళ్లు మడ, పడవదారి గురించి, గొట్టం పోయే లోపలి ఊళ్లు తుప్పు గురించి రాస్తే మూడు వేర్వేరు జవాబులు వస్తాయి.

అర్జీని సభకు ముందే పీసీబీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, మరో ప్రతి సభలో ఇచ్చి మూడో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. సభకు రాలేనివాళ్లు రాతలో పంపినా చెల్లుతుంది.

సభ రోజు

అధ్యక్షత వహించాల్సింది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి. ఎక్కువగా జాయింట్ కలెక్టరో డీఆర్వోనో వస్తారు. అంతకంటే కింది అధికారి కూర్చుంటే మైకులో ఆ మాట చెప్పి రికార్డు చేయించండి. హాజరు పట్టీలో సంతకం పెట్టండి. సభ మొత్తం వీడియో తీయించాల్సిన బాధ్యత పీసీబీది; కెమెరా తిరుగుతోందో లేదో చూసుకుని, మీ వాళ్లలో ఒకరు ఫోన్లో వేరేగా తీయండి.

మైకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. పేరు, ఊరు, అర్జీలో ప్రశ్న నంబరు చెప్పి ఆ ప్రశ్న ఒక్కటీ చదవండి. ఒక్కరే పది ప్రశ్నలు చదవడం కంటే పదిమంది ఒక్కొక్కటి చదవడం మేలు. ఉద్యోగాల గురించి అడగవద్దని కాదు. అవి చివర అడగండి. మొదటి వక్త ఉద్యోగాలెత్తితే సభంతా అటే పోతుంది, నివేదిక గురించి ఒక్క ముక్కా మిగలదు.

సభను జరగనివ్వకుండా అడ్డుకోవడం మంచి ఎత్తుగడ అని చాలామంది అనుకుంటారు. నోటిఫికేషన్‌లో దానికి విరుగుడు ముందే ఉంది. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని పీసీబీ రాస్తే, సభ లేకుండానే ముందుకు వెళ్లడానికి శాఖకు అధికారం ఉంది. కుర్చీలు విరిగితే మీ ప్రశ్నలే పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది భోజనాల వేళ. మాట్లాడటం అయిపోగానే జనం లేచిపోతారు. సభ చివర మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధికారి సంతకం చేయాలి. ఆ చదివేటప్పుడు మీ వాళ్లు కనీసం ఐదుగురు అర్జీ ప్రతులతో అక్కడే ఉండి, తప్పిపోయిన ప్రశ్నలను నంబర్లతో చెప్పి చేర్పించాలి.

సభ తర్వాత

సభ ముగిసిన ఎనిమిది రోజుల్లో పీసీబీ ప్రొసీడింగ్స్‌ను ఢిల్లీకి పంపాలి. పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్‌లలో అంటించాలి, పీసీబీ వెబ్‌సైట్లో పెట్టాలి. మీ వీడియోతో పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ తేడాలు ఒక పేజీలో రాసి నేరుగా కేంద్ర పర్యావరణ శాఖకు పంపే హక్కు మీకుంది. తర్వాత పరివేష్‌లో తుది ఈఐఏ వస్తుంది. అందులో మీ ప్రశ్న, ఎదురుగా కంపెనీ జవాబు పట్టికగా ఉంటాయి. ‘గమనించబడింది’, ‘పాటిస్తాం’ లాంటి జవాబుల కింద గీత గీసి, నిపుణుల కమిటీ ఎజెండాలో ప్రాజెక్టు పడకముందే కమిటీ సభ్య కార్యదర్శికి లేఖ పంపండి. తుది నివేదిక అందాక కమిటీకి 60 రోజులు, ఆపైన శాఖకు 45 రోజులు. ఎజెండా పరివేష్‌లోనే పెడతారు కాబట్టి వారానికోసారి చూస్తుండాలి.

అనుమతి వస్తే కంపెనీ దాన్ని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. సవాలు చేయాలనుకుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, మన రాష్ట్రానికి చెన్నై బెంచి. గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 91వ రోజు వెళ్తే తలుపు మూసేసినట్టే, ట్రిబ్యునల్‌కు సైతం అంతకు మించి పొడిగించే అధికారం లేదు. ఇక్కడ పనికొచ్చేవి కత్తిరించి దాచిన నోటీసు, కార్యదర్శి రాసిచ్చిన ముక్క, ముద్ర వేసిన అర్జీ, వీడియో.

సవాలు చేయకపోయినా అనుమతి పత్రం తెచ్చుకుని షరతులు తెలుగులో రాయించి పంచాయతీలో పెట్టండి. షరతుల అమలుపై కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అవి విజయవాడలోని కేంద్ర పర్యావరణ శాఖ కార్యాలయానికి వెళ్తాయి. జూన్ నివేదిక వచ్చాక తునకల టన్నులు, వదిలిన నీటిలో నూనె అంకెలు తీసి ఈఐఏలో చెప్పిన అంకెల పక్కన పెట్టండి. తేడా కనిపిస్తే విజయవాడకు లేఖ, ప్రతి పీసీబీకి.